సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ 3 సిరీస్ కూపే: అమెరికాలో కొనేముందు ఏం చూడాలి

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2007 మోడల్ నుంచి 2013 మోడల్ దాకా వచ్చిన రెండు డోర్ల కూపేని కంపెనీ కోడ్‌లో ఈ92 అంటారు. పొడవాటి బానెట్, ఫ్రేము లేని అద్దాలు, ముందు ఆరు సిలిండర్ల ఇంజిను, వెనక చక్రాలకు డ్రైవ్. ఇప్పుడు అమెరికాలో ఒక కొత్త క్యామ్రీ ధరలో మూడో వంతుకే దొరికే బండ్లున్నాయి. బండి ధర తగ్గింది కానీ రిపేరు ధర తగ్గలేదు. కొత్తప్పుడు నలభై వేల డాలర్ల బండికి స్పేర్ పార్టుకి, లేబర్‌కి ఎంతయ్యేదో ఇవాళా అంతే, ఇంకా ఎక్కువే. చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే ఆరు నెలల్లో ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి ముందు ఇంజిను ఏదో చూడాలి, తర్వాత రసీదులు చూడాలి. రంగు, లెదర్, చక్రాలు ఆ తర్వాతే.

ఇంకో మాట. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారంటే ఈ బండి ఒక్కటే ఇంట్లో ఉండకూడదు. వెనక సీట్లు రెండే, మధ్యలో కూర్చునే చోటు లేదు. ముందు సీటు మడిచి, వంగి లోపలికి దూరాలి. డోరు చాలా పొడవు, ఇరుకు పార్కింగ్‌లో పూర్తిగా తెరుచుకోదు. చిన్న పిల్లలుంటే మీ కార్ సీటు తీసుకెళ్ళి అక్కడే బిగించి చూడండి. పట్టడం పడుతుంది, రోజూ పిల్లని అందులో పెట్టి తీయడానికి నడుం ఒప్పుకుంటుందా అన్నదే ప్రశ్న.

ఏ ఇంజిను

328ఐ మోడల్లో ఉండేది ఎన్52 అనే ఇంజిను. 3.0 లీటర్లు, టర్బో లేదు, 230 హార్స్‌పవర్. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కొట్టే రకం కాదు, పాత పద్ధతి ఇంజెక్షనే. అందుకే హై ప్రెషర్ పంపు, ఖరీదైన ఇంజెక్టర్లు, వాల్వుల మీద మసి, ఈ మూడు తలనొప్పులూ దీనికి లేవు. రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి, వారాంతంలో సరదాగా నడపడానికి ఒకే బండి కావాలంటే మా సలహా ఇదే. పికప్ తక్కువని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళు ఒకసారి మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న 328ఐ ని 6,000 ఆర్‌పీఎమ్ దాకా తిప్పి చూడాలి.

335ఐ లో రెండు రకాలున్నాయి. 2007 నుంచి 2010 మోడళ్ళలో ఎన్54, రెండు టర్బోలు. 2011 నుంచి ఎన్55, ఒకే టర్బో. రెంటికీ కాగితం మీద 300 హార్స్‌పవరే. ఎన్54 ని ట్యూన్ చేసి పవర్ పెంచుకోవడం సులువు కాబట్టి కుర్రాళ్ళు దాని వెంటపడతారు. సరిగ్గా ఆ కారణంగానే మార్కెట్లో ఉన్న ఎన్54 బండ్లలో చాలావాటిని ఎవరో ఒకరు పిండేసి ఉంటారు. 335ఐ కావాలనే అనుకుంటే ఎన్55 తీసుకోవడం మేలు. 2011 నుంచి 2013 దాకా వచ్చిన 335ఐఎస్ మాత్రం కొత్త మోడల్ అయినా అందులో ఉన్నది ఎన్54 యే, 320 హార్స్‌పవర్. ప్రకటనలో ఏం రాశారన్నది నమ్మకుండా విన్ నంబర్ని (బండి గుర్తింపు సంఖ్యని) డీకోడ్ చేసి ఇంజిను, గేర్‌బాక్స్, తయారైన నెల చూసుకోండి.

ఎం3 కూపే లెక్క వేరు. అందులో 4.0 లీటర్ల వీ8, ఎస్65 ఇంజిను. కనెక్టింగ్ రాడ్ బేరింగులు ముందే అరిగిపోవడం, థ్రాటిల్ యాక్చుయేటర్లు పాడవడం దీనికి పేరుమోసిన జబ్బులు. బేరింగులు మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చు మీదేనని లెక్క వేసుకునే బేరం ఆడాలి.

కాగితాలతో మొదలు

ఇంటి నుంచి కదలకముందే అమ్మేవాళ్ళని విన్ నంబర్ అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆ బండిని వదిలేయండి. నంబర్ వచ్చాక బండి చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టు గానీ ఆటోచెక్ రిపోర్టు గానీ తీయండి. దానితోపాటు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో ఉచితంగా రీకాల్స్ చూడండి. ఈ తరం 3 సిరీస్ మీద పెద్ద రీకాల్సే వచ్చాయి: తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు, డిక్కీలోని బ్యాటరీ నుంచి వచ్చే పాజిటివ్ కేబుల్ కనెక్టరు, 2006-2011 బండ్లలో ఏసీ బ్లోయర్ వైరింగ్, 2007-2011 ఆరు సిలిండర్ల బండ్లలో క్రాంక్‌కేస్ వెంటిలేషన్ వాల్వు (ఇంజిను లోపలి ఆవిర్లను తీసే వాల్వు) హీటర్, 2010-2012 బండ్లలో వాల్వుల టైమింగ్ మార్చే వ్యానోస్ బోల్టులు. బ్లోయర్ వైరింగ్, వాల్వు హీటర్ వల్ల ఆగి ఉన్న బండికి కూడా మంటలంటుకునే ప్రమాదం ఉందని రీకాల్ చేశారు. ఇవి పెండింగ్‌లో ఉంటే డీలరు డబ్బు తీసుకోకుండా చేస్తాడు, కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ ఇన్నేళ్ళుగా ఉచితంగా చేసే పని కూడా చేయించని ఓనరు డబ్బు పెట్టి ఇంకేం చేయించి ఉంటాడో ఆలోచించండి.

కార్‌ఫాక్స్ శుభ్రంగా ఉంటే యాక్సిడెంట్ కాలేదని అర్థం కాదు, ఆ రికార్డులోకి ఎక్కలేదని మాత్రమే. మీకు కావాల్సింది రసీదులు. ఆయిలు ఎన్ని మైళ్ళకి మార్చారు? కంపెనీ మొదట్లో 15,000 మైళ్ళకోసారి చాలంది. ఆ లెక్కన నడిచిన ఇంజిన్ల కన్నా 7,000 లోపు మార్చుకున్నవే ఇప్పుడు బాగున్నాయి. వాటర్ పంపు ఎప్పుడు మార్చారు? ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్? వాల్వ్ కవర్ గ్యాస్కెట్? ఈ నాలుగింటికీ తేదీ, మైళ్ళు, షాపు పేరుతో కాగితం ఉంటే 1,20,000 మైళ్ళ బండి కూడా మంచిదే. కాగితమే లేని 70,000 మైళ్ళ బండి కన్నా అది చాలా నయం.

చల్లారిన ఇంజిను

చూడ్డానికి ఉదయం వెళ్ళండి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి రావడమే మంచిది, ఎందుకంటే ఈ ఇంజిన్ల రోగాల్లో చాలావి మొదటి రెండు నిమిషాల్లోనే బయటపడతాయి.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు సైలెన్సర్ దగ్గర ఉండాలి. ఎన్54 నాలుగైదు సెకన్లు తిరిగి తిరిగి అందుకుంటే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపుని అనుమానించాలి. ఈ పంపు గురించి 2010 అక్టోబర్లో కంపెనీ రీకాల్ ప్రకటించింది, వారంటీని పదేళ్ళు లేదా 1,20,000 మైళ్ళకు పొడిగించింది. ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇక ఖర్చు మీదే. అందుకున్నాక వణుకుతూ, పెట్రోలు వాసన కొడుతూ, నల్లగా పొగ వస్తే ఇంజెక్టరు కారుతోంది. ఇంజెక్టర్లు చాలాసార్లు సవరించి తెచ్చారు, వాటి మీద చెక్కిన ఇండెక్స్ నంబరు 12 అయితే చివరి రకం. ఆరూ మార్చాల్సి వస్తే రెండు వేల డాలర్లు దాటుతుంది.

ఎన్52 లో వినాల్సింది టిక్‌టిక్ చప్పుడు. వాల్వుల హైడ్రాలిక్ అడ్జస్టర్లలోకి గాలి చేరితే ఇది వస్తుంది, ముఖ్యంగా చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో, 2009కి ముందువాటిలో. ఇరవై నిమిషాలు హైవే మీద నడిపాక పోతే సర్దుకోవచ్చు. వేడెక్కాక కూడా పోకపోతే వదులుకోవాలి.

ఆయిలు ఎంతుందో చూడ్డానికి ఈ ఇంజిన్లలో కొలిచే కర్ర, అంటే డిప్‌స్టిక్, లేదు. ఇంజిను పూర్తిగా వేడెక్కాక, సమతలంగా ఆపి, స్టీరింగ్ పక్క కాడతో మెనూలోకి వెళ్ళి చూడాలి. మొదట్లోనే ఆయిలు తక్కువని హెచ్చరిక వెలిగితే ఈ ఓనరు దాన్ని పట్టించుకునే రకం కాదు.

బెల్టు వెనక టార్చి

ఈ బండి కొనేవాళ్ళు ఇంకేం చూడకపోయినా ఇది చూడాలి. బానెట్ ఎత్తి ఇంజిను ముందు భాగంలో డ్రైవర్ వైపు ఉన్న ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద టార్చి వేయండి. దాన్ని ఇంజినుకు బిగించేచోట ఒక రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. పది, పదిహేనేళ్ళ వేడికి అది గట్టిపడి ఆయిలు చెమరుస్తుంది. గ్యాస్కెట్ ధర ఇరవై డాలర్లు దాటదు, బిగించడానికి మూడు నాలుగు గంటల లేబర్. అంత చిన్నది ఇంజిన్ని ఎలా చంపుతుందంటే, కారిన ఆయిలు కిందనున్న బెల్టు మీద పడుతుంది. రబ్బరు ఉబ్బి, బెల్టు జారి, అంచుల వెంట పీలికలవుతుంది. తెగిన ముక్కలు క్రాంక్ పుల్లీకి చుట్టుకుని ముందరి క్రాంక్ సీలును నెట్టుకుంటూ ఇంజిను లోపలికి వెళ్తాయి. అవి ఆయిల్ పాన్‌లోకి చేరి ఆయిల్ పంపు పీల్చే జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పోతుంది, ఇంజిను పోతుంది.

కాబట్టి హౌసింగ్ కింద తడి, దుమ్ము పట్టిన జిడ్డు ఉందా, బెల్టు పక్క అంచులు నిండుగా ఉన్నాయా, ఆల్టర్నేటర్ మీద ఆయిలు చారలున్నాయా చూడండి. బెల్టు కొత్తదిగా మెరుస్తూ ఉండి, గ్యాస్కెట్ మార్చిన రసీదు లేకపోతే "పాత బెల్టు ఏమైంది, తెగిందా?" అని సూటిగా అడగండి. తెగిందంటే ఆయిల్ పాన్ దించి శుభ్రం చేసిన బిల్లు చూపించాలి. చూపించలేకపోతే ఆ బండి మనకొద్దు.

వాల్వ్ కవర్ లీకు వెతకడం తేలిక. వేడెక్కిన బండిని సిగ్నల్ దగ్గర ఆపినట్టు ఐదు నిమిషాలు నిలబెట్టి బయటి గాలి వచ్చేలా ఫ్యాన్ పెట్టండి. ఆయిలు కాలిన కమురు వాసన వస్తే, కవరు వెనక మూల నుంచి కారి ప్యాసింజర్ వైపున్న ఎగ్జాస్ట్ మీద పడుతోంది. ఇది ఈ వయసు బండ్లలో మామూలే, ధర తగ్గించడానికి పనికొస్తుంది. ఆయిల్ పాన్ గ్యాస్కెట్ లీకు మాత్రం పెద్ద పని, ఎందుకంటే ముందు సబ్‌ఫ్రేమ్ దించాలి. కింద చెమ్మగా ఉంటే సరే, చుక్కలు పడుతుంటే బిల్లు వేయించి బేరంలో తీసేయాలి.

వాటర్ పంపు

ఎన్52, ఎన్54, ఎన్55 మూడింటికీ ఎలక్ట్రిక్ వాటర్ పంపే. బెల్టుతో తిరిగే పంపులా మూలుగుతూ, కారుతూ ముందే చెప్పదు. ఒకరోజు ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద కూలెంట్ ముల్లు కూడా లేదు కాబట్టి హెచ్చరిక వెలిగేసరికే ఇంజిను ఉడికిపోతూ ఉంటుంది. ఇంకో రెండు మైళ్ళు లాగితే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. 60,000 నుంచి 1,00,000 మైళ్ళ మధ్య ఎప్పుడైనా పోవచ్చు. పంపు, థర్మోస్టాట్ కలిపి మార్చడానికి బయటి షాపులో వెయ్యి డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. రసీదు లేదంటే పోలేదని కాదు, పోబోతోందని. ఆ వెయ్యీ ధరలోంచి తగ్గించి మాట్లాడండి. బండి కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్లో 2ఈ81, 2ఈ82 కోడ్లు దాచిపెట్టి ఉంటే పంపు ఇప్పటికే సతాయిస్తోంది.

రోడ్డు మీద

కనీసం నలభై నిమిషాలు నడపండి, అందులో సగం హైవే. గంటకి 55, 60 మైళ్ళ దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే చాలామంది డిస్కులు వంగాయంటారు. ఈ బండ్లలో ఎక్కువసార్లు తప్పు ముందు చక్రాల టెన్షన్ స్ట్రట్‌ల రబ్బరు బుష్‌లది, లోపలి ద్రవం కారి మెత్తబడతాయి.

335ఐ అయితే 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ వదిలినప్పుడు రేకు డబ్బాలో మేకులు కదిలినట్టు చప్పుడు వస్తుందేమో వినండి. ఎన్54 లో ఆ చప్పుడు టర్బో ఒత్తిడిని అదుపు చేసే తలుపు, అంటే వేస్ట్‌గేట్, అరిగినందుకు. ముదిరితే బూస్ట్ (టర్బో ఒత్తిడి) తగ్గి 30ఎఫ్ఎఫ్ కోడ్ పడుతుంది, చివరికి రెండు టర్బోలూ మార్చాలి. ఆ బిల్లు బండి ధరలో సగం కావచ్చు. రెండు నిమిషాలు నిలబెట్టి గట్టిగా తొక్కినప్పుడు వెనక నీలం పొగ వస్తే టర్బో సీళ్ళు పోయి ఉండాలి, లేదా క్రాంక్‌కేస్ వెంటిలేషన్ పాడై ఉండాలి. ఎన్54, ఎన్55 రెండింటిలోనూ పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కొడుతుంది కాబట్టి వాల్వుల మీద మసి పేరుకుంటుంది. అక్రోటు పెంకుల పొడితో దాన్ని రాలగొట్టిన రసీదుంటే మంచి ఓనరే. ట్యూన్ చేసిన బండిని తిరిగి స్టాక్‌లా మార్చి అమ్ముతారు. బానెట్ కింద కొత్తగా మెరిసే అల్యూమినియం చార్జ్ పైపు, చుట్టిన టేపుతో అదనపు వైర్లు, ఒరిజినల్ కాని డౌన్‌పైపులు (టర్బో నుంచి ఎగ్జాస్ట్‌కి వెళ్ళే గొట్టాలు) కనిపిస్తే దాని గతం అర్థమవుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని డౌన్‌పైపులుంటే ఎమిషన్ టెస్టులో పాసవదు.

ఆటోమేటిక్ గేరు పడేటప్పుడు కుదుపు, వెనక్కి వేసినప్పుడు ధబ్‌మనడం ఉండకూడదు. జెడ్ఎఫ్ ఆరు గేర్ల పెట్టెలో ఆయిలు జీవితాంతం అక్కర్లేదని బీఎండబ్ల్యూ అంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే వినాలి. ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉన్న రకం) అయితే నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది, దాని యాక్చుయేటర్లోని ప్లాస్టిక్ గేరు అసలే బలహీనం.

కూపేకే ఉన్న చిక్కులు

డోరు హ్యాండిల్ లాగగానే అద్దం ఒక సెంటీమీటరు కిందికి దిగాలి, మూశాక మళ్ళీ పైకి లేచి రబ్బరులో కూర్చోవాలి. రెండు వైపులా పదేసి సార్లు చేసి చూడండి. దిగకపోతే రెగ్యులేటరో, లాచ్ స్విచ్చో పోయింది. అద్దం సరిగ్గా కూర్చోకపోతే 70 మైళ్ళ దగ్గర గాలి ఈలలు వేస్తుంది, వానలో డోరు లోపల తడుస్తుంది. ముందు సీట్ల వెనక నుంచి సీటు బెల్టుని ముందుకు అందించే చిన్న చెయ్యి ఉంటుంది, అదీ పనిచేయాలి. వెనక చక్రం పైన ఉండే క్వార్టర్ ప్యానెల్ కూపేలో చాలా పెద్దది, బాడీకి వెల్డు చేసి ఉంటుంది. పెయింట్ గేజ్ దాని మీద మిగతాచోట్ల కన్నా ఎక్కువ చూపిస్తే పక్కనుంచి గట్టి దెబ్బ తగిలిన బండి.

డిక్కీలో కార్పెట్ ఎత్తి కుడి పక్క బ్యాటరీ గుంతలో తడి చూడండి. స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లే. డ్రైవర్ కాళ్ళ దగ్గర కిక్ ప్యానెల్ వెనక లైట్లు, అద్దాలను నడిపే ఎఫ్‌ఆర్‌ఎం మాడ్యూల్ ఉంటుంది. బ్యాటరీ నీరసించి జంప్ స్టార్ట్ చేసిన బండ్లలో ఇది పాడై హెడ్‌లైట్లు ఆరకుండా వెలుగుతూ, అద్దాలు కదలకుండా ఉండిపోతాయి. వరదలో మునిగినా మొదట పోయేవాటిలో ఇదొకటి. 2017లో హార్వీ తుపానులో హ్యూస్టన్లో మునిగిన బండ్లు చాలా రాష్ట్రాలకు చేరాయి, కాబట్టి సీటు పట్టాల బోల్టుల తుప్పు, కార్పెట్ కింద స్పాంజి వాసన చూడకుండా టైటిల్ని నమ్మొద్దు.

మెకానిక్, బేరం, కాగితాలు

నచ్చిందంటే బీఎండబ్ల్యూ పనే చేసే ఏదైనా ఇండిపెండెంట్ షాపులో లిఫ్ట్ మీదికి ఎక్కించి చూపించండి. 150 నుంచి 300 డాలర్లు తీసుకుంటారు. కింది ప్లాస్టిక్ షీల్డ్ విప్పి చూడమని, బీఎండబ్ల్యూ తనిఖీ సాఫ్ట్‌వేర్ ఐస్టాతో అన్ని మాడ్యూళ్ళ కోడ్లూ చదవమని, మీటరు మీద మైళ్ళూ లోపలి మాడ్యూల్లో మైళ్ళూ ఒకటేనా చూడమని చెప్పండి. ఈ తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారుతో ఇక మాట్లాడే పని లేదు. కోడ్లు ముందురోజే చెరిపేశారేమో తెలియాలంటే ఓబీడీలో ఎమిషన్ మానిటర్లు (బండి తన పొగ వ్యవస్థని తానే పరీక్షించుకునే పరీక్షలు) చూడాలి. రెడీ కాకుండా చాలా ఉంటే ఎవరో ఇప్పుడే చెరిపారు.

బేరం మెకానిక్ రాసిచ్చిన కాగితంతో ఆడండి. పాత బండికి బ్యాంకు లోన్ దొరకడం కష్టం, దొరికినా వడ్డీ ఎక్కువ, కాబట్టి డబ్బు చేతిలో ఉంటేనే వెళ్ళండి. రిపేర్లకి ఇంకో మూడు వేల డాలర్లు పక్కన లేకపోతే 335ఐ జోలికి పోకండి. ఇన్సూరెన్స్ కోట్ విన్ నంబర్‌తో ముందే తీయండి.

టెక్సస్‌లో ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే 6.25 శాతం సేల్స్ టాక్స్ మీరిచ్చిన ధర మీద గానీ, రాష్ట్రం లెక్కగట్టిన ధరలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. తక్కువ రాయించుకున్నా లాభం లేదు. 130-యు ఫారం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి, 30 రోజుల్లో టైటిల్ మార్చుకోవాలి. కౌంటీ టాక్స్ ఆఫీసుకి అమ్మేవాళ్ళతో కలిసి వెళ్ళడం అన్నిటికన్నా క్షేమం. టైటిల్ మీద లీన్, అంటే బ్యాంకు అప్పు, ఉంటే డబ్బు ఆ బ్యాంకులోనే కట్టాలి. 2025 నుంచి అక్కడ సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, హారిస్ వంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్టు ఉంది. కాలిఫోర్నియాలో 90 రోజుల లోపు తీసిన స్మాగ్ సర్టిఫికెట్ (పొగ పరీక్ష పాసైన కాగితం) ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాళ్ళది. తిరిగి వెళ్ళేటప్పుడు ఇండియాకి పట్టుకెళ్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ఎడమ స్టీరింగ్ ఉన్న మూడేళ్ళు దాటిన బండిని అక్కడ దిగుమతి చేసుకోనివ్వరు.

ఇంటికి తెచ్చిన వారంలో

328ఐ, 335ఐ అయితే బీఎండబ్ల్యూ ఆమోదం తెలిపే ఎల్ఎల్-01 ముద్ర ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిలు ఏడు క్వార్టులు కొనండి, లోపలికి 6.9 పడుతుంది. బ్రేక్ ఆయిలు రెండేళ్ళు దాటి ఉంటే మార్చండి. బ్యాటరీ కొత్తది వేస్తే దాన్ని కంప్యూటర్లో రిజిస్టర్ చేయాలి, లేకపోతే పాత బ్యాటరీకి ఇచ్చినట్టే చార్జ్ చేసి కొత్తదాన్నీ తొందరగా చంపుతుంది.

వాటర్ పంపు మీరే మారుస్తుంటే పాత అల్యూమినియం బోల్టులు మళ్ళీ వాడకండి, అవి ఒకసారి సాగితే అంతే. కూలెంట్ నింపాక బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఇంజిను స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, హీటర్ వేడి పూర్తిగా, ఫ్యాన్ తక్కువలో పెట్టి, యాక్సిలరేటర్ని పది సెకన్లు నేలకి నొక్కి వదలండి. పంపు తనంతట తానే పన్నెండు నిమిషాల పాటు తిరిగి గాలి బయటికి పంపుతుంది. అది ఆగాక ట్యాంకులో మట్టం చూసి, తగ్గితే నింపి, అప్పుడు స్టార్ట్ చేయండి.